పికప్ ట్రక్ కొనాలి: మిడ్‌సైజా, ఫుల్‌సైజా తేల్చుకోవడం ఎలా?

అమెరికాలో సబర్బ్‌లో ఇల్లు కొన్న కొన్నాళ్లకు చాలామంది మనవాళ్లకు పికప్ మీద మనసు పోతుంది. పెరట్లో మడులు కట్టుకోవాలి, ప్యాటియో ఫర్నిచర్ తెచ్చుకోవాలి, పిల్లలతో క్యాంపింగ్‌కు వెళ్లాలి. తీరా డీలర్‌షిప్‌లో అడుగుపెడితే ఎఫ్-150 పక్కనే రేంజర్, టండ్రా పక్కనే టకోమా నిలబెట్టి ఉంటాయి. సేల్స్‌మన్ ముందుగా చెప్పేది టోయింగ్ అంకె: ఇది ఇన్ని వేల పౌండ్లు లాగుతుంది, అది అన్ని వేలు లాగుతుంది అని. ప్రస్తుతానికి ఆ అంకెను పక్కన పెట్టండి. మీ ఇంటికి ఏ సైజు సరిపోతుందో చెప్పేవి మూడు: మీ గ్యారేజ్ పొడవు, వెనక సీట్లో కూర్చునేవాళ్లు, డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన పసుపు, తెలుపు స్టిక్కర్. ఇందులోనూ నా ఓటు వెనక సీటుకే.

ముందుగా ఏది ఏ సైజో చూద్దాం. టయోటా టకోమా, ఫోర్డ్ రేంజర్, షెవర్లే కొలరాడో, దాని తోబుట్టువు జీఎంసీ కాన్యన్, నిస్సాన్ ఫ్రాంటియర్, జీప్ గ్లాడియేటర్, హోండా రిడ్జ్‌లైన్ మిడ్‌సైజ్. ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500, జీఎంసీ సియెరా 1500, రామ్ 1500, టయోటా టండ్రా ఫుల్‌సైజ్. 2500, ఎఫ్-250 లాంటి పెద్ద అంకెలవి హెవీ డ్యూటీ ట్రక్కులు, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు. ఇండియాలో హైలక్స్‌నో, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌నో చూసి ఉంటే ఒక గుర్తు: అమెరికాలో మిడ్‌సైజ్ అంటే దాదాపు ఆ సైజే, 5.3 మీటర్ల చుట్టుపక్కల. అక్కడ రోడ్డు మీద భారీగా కనిపించే బండి ఇక్కడ చిన్న ట్రక్కు కింద లెక్క! ఆ హైలక్స్‌నే ఇక్కడ కొనుక్కుందామంటే కుదరదు. 1995 నుంచి అమెరికాలో దాని స్థానం టకోమాది. పైగా దిగుమతి ట్రక్కుల మీద 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది. అమెరికా కోళ్ల మీద యూరప్ పన్ను వేసిందని పుట్టిన గొడవ అది. అందుకే దాన్ని ఇప్పటికీ చికెన్ ట్యాక్స్ అంటారు.

మొదటి పని: అసలు ట్రక్ కావాలా?

గడిచిన ఏడాదిలో కారులో పట్టక ఆగిపోయిన సామాన్లేమిటో ఒక కాగితం మీద రాయండి. ఊహల్లోవి కాదు, నిజంగా ఆగిపోయినవి. ఒక సోఫా, ఒక గ్రిల్, నాలుగు ప్లైవుడ్ షీట్లతో జాబితా అయిపోతే మీకు ట్రక్ అవసరం లేదు. యూ-హాల్‌లో పికప్ అద్దె సుమారు 20 డాలర్లు, దాని మీద మైళ్ల చార్జీ. హోమ్ డిపోలోనూ గంటల లెక్కన ఇస్తారు. ఏడాదికి మూడు నాలుగు సార్లు వచ్చే పని కోసం నెలనెలా ఎనిమిది వందల వాయిదా కట్టడం దేనికి?

సరదా కోసమే కొనుక్కుంటున్నామంటారా, అదీ న్యాయమైన కారణమే. కాకపోతే ఆ సంగతి ఒప్పేసుకుని కొనండి. అప్పుడు టోయింగ్ అంకెల కోసం అదనంగా డబ్బు పొయ్యాల్సిన పని ఉండదు. ఇంకో మాట. ట్రక్ ఉందని తెలిసిన మర్నాటి నుంచి స్నేహితుల ఇళ్ల షిఫ్టింగులు, వినాయక చవితి మండపం సామాను, గుడిలో అన్నదానం టేబుళ్లు అన్నీ మీ ట్రక్ బెడ్‌లోనే, అంటే వెనక సామాను వేసే తొట్టిలోనే వెళ్తాయి. మొహమాటస్తులైతే ఇదీ లెక్కలో వేసుకోవాలి.

రెండో పని: టేపు తీసుకుని గ్యారేజ్‌లోకి వెళ్లండి

మూసిన తలుపు నుంచి ఎదురు గోడ వరకు కొలవండి. గోడ వరకు అన్నానే గానీ, నిజానికి గోడకు ఆనించిన రెండో ఫ్రిజ్, బియ్యం బస్తాలు, చెప్పుల స్టాండ్ వరకు. మన ఇళ్లలో ఆ రెండడుగులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు.

మామూలు టూ-కార్ గ్యారేజ్‌లు చాలా చోట్ల 20 అడుగుల లోతుంటాయి, అంటే 240 అంగుళాలు. నాలుగు తలుపుల టకోమా 5 అడుగుల బెడ్‌తో సుమారు 213 అంగుళాలు. ముందూ వెనకా కలిపి రెండడుగులకు పైనే మిగులుతుంది. నాలుగు తలుపుల ఎఫ్-150 ఐదున్నర అడుగుల బెడ్‌తో సుమారు 232. లోపలికి పడుతుంది గానీ దాని ముందు నుంచి మనిషి నడిచే దారి ఉండదు. అదే ఎఫ్-150 ఆరున్నర అడుగుల బెడ్‌తో తీసుకుంటే 244 దాకా వస్తుంది, ఇక తలుపు మూసుకోదు.

వెడల్పూ చూడాలి. ఎఫ్-150 అద్దాలు కాకుండా 80 అంగుళాలు, తెరిచిన అద్దాలతో కలిపితే 96కు వెంట్రుకవాసి తక్కువ. మీ గ్యారేజ్‌కు ఒక్కో బండికి ఒక్కో తలుపు ఉండి, ఆ తలుపు 8 అడుగులదే అయితే అది కూడా 96 అంగుళాలే. ప్రతిసారీ అద్దాలు మడిచి లోపలికి వెళ్లాలి. డ్రైవ్‌వేలో పెట్టుకుంటాం అనుకుంటే ముందు హెచ్ఓఏ, అంటే మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం నిబంధనలు చదవండి. కొన్ని కాలనీల్లో పికప్ బయట పెట్టడం మీద, ముఖ్యంగా కంపెనీ పేరు రాసిన బండి మీద ఆంక్షలుంటాయి. వాకిట్లో పేవ్‌మెంట్ మీదికి బండి తోక వస్తే ఉత్తరం వస్తుంది.

ఆఫీసు పార్కింగ్ సంగతి. సాధారణ పార్కింగ్ గడి 18 అడుగులు, అంటే 216 అంగుళాలు. మిడ్‌సైజ్ అందులో ఇమిడిపోతుంది, ఫుల్‌సైజ్ అడుగుకు పైగా బయటికి వస్తుంది. రోజూ డౌన్‌టౌన్‌లో బహుళ అంతస్తుల గ్యారేజ్‌లో పెట్టేవాళ్లకు ఈ ఒక్క కారణం చాలు మిడ్‌సైజ్ వైపు మొగ్గడానికి. టెక్సస్ సబర్బ్‌లో విశాలమైన లాట్లలో పెట్టేవాళ్లకు ఇది పెద్ద సమస్య కాదు.

మూడో పని: వెనక సీట్లో ఎవరెవరు?

ట్రక్ కొనేవాళ్లు బెడ్ చుట్టూ తిరుగుతారు, టైర్లు తడతారు. వెనక తలుపు తీసి కూర్చుని చూసేవాళ్లు తక్కువ. రెండు సైజులకూ అసలైన తేడా ఉన్నది అక్కడే.

టకోమా, ఫ్రాంటియర్ నాలుగు తలుపుల మోడళ్లలో వెనక కాళ్ల జాగా 33 అంగుళాల పైచిలుకు, రేంజర్, కొలరాడోల్లో 34 అంగుళాల పైచిలుకు. క్యామ్రీ వెనక సీట్లో 38 ఉంటుందని గుర్తు పెట్టుకుంటే ఆ అంకెకు అర్థం తెలుస్తుంది. ఫుల్‌సైజ్‌కు వస్తే నాలుగు పూర్తి తలుపులుండే ఎఫ్-150 సూపర్‌క్రూ, సిల్వరాడో క్రూ క్యాబ్‌లలో 43 దాటుతుంది, రామ్ క్రూ క్యాబ్‌లో 45. దాదాపు పది అంగుళాల తేడా. టకోమా కన్నా కారు వెనక సీటే నయం, ఎఫ్-150లో మాత్రం కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు.

పసిపిల్ల ఉండి, వెనక్కి తిప్పి పెట్టే కార్ సీటు వాడుతుంటే ఆ సీటును డీలర్ దగ్గరికే తీసుకెళ్లి బిగించి చూడండి. చాలా మిడ్‌సైజ్ ట్రక్కుల్లో అది పెట్టాక ముందు సీటును బాగా ముందుకు జరపాలి, ఆరడుగుల మనిషి మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగులుతాయి. ముందుకు తిరిగి కూర్చునే సీటుకు ఇంకో చిక్కు. పైనుంచి బిగించే టెథర్ పట్టీకి చాలా పికప్‌లలో కారులో ఉన్నట్టు సూటిగా కొక్కెం దొరకదు. సీటు వెనకున్న పట్టీ ఉచ్చులోంచి తీసి పక్క సీటు ఉచ్చుకు తగిలించాల్సి వస్తుంది. మాన్యువల్ చూడకుండా చేస్తే తప్పుగా బిగిస్తారు.

ఇక అమ్మానాన్నలు. ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలుండే పెద్దవాళ్లను ఇదే బండిలో గుడికీ, డాక్టర్ దగ్గరికీ తిప్పాలనుకుంటే వాళ్ల మోకాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్ సీటు ఎత్తు చీర కట్టుకున్న అత్తగారికి చిన్న విషయం కాదు. సైడ్ స్టెప్పులు, పైన పట్టుకునే హ్యాండిల్ తప్పనిసరి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న రామ్ 1500 ఎక్కేటప్పుడు తనే కాస్త కిందికి దిగుతుంది. రిడ్జ్‌లైన్ అసలు ఎత్తే తక్కువ, ఎక్కడం ఎస్‌యూవీ ఎక్కినట్టే ఉంటుంది, వెనక కాళ్ల జాగా కూడా 36 అంగుళాలు దాటుతుంది. ట్రక్కు ప్రియులు దాన్ని చూసి నవ్వుతారు. కుటుంబంతో తిరిగేవాడికి మిడ్‌సైజ్‌లో అంతకంటే పనికొచ్చేది లేదని నా అభిప్రాయం.

నాలుగో పని: స్టిక్కర్ చదవండి

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద టైర్ల వివరాలున్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని అందులో రాసి ఉంటుంది. అదే ఆ బండి పేలోడ్. బ్రోషర్‌లో వేసే పెద్ద అంకె ఆ మోడల్‌లో ఏదో ఒక ప్రత్యేక కాన్ఫిగరేషన్‌ది. స్టిక్కర్ మీది అంకె మీ ఎదురుగా ఉన్న బండిది. పైస్థాయి ట్రిమ్‌కు, అంటే అదే మోడల్‌లో హంగులు ఎక్కువున్న రకానికి వెళ్లేకొద్దీ సన్‌రూఫ్, మోటారు సీట్లు, పెద్ద చక్రాల బరువు వల్ల ఆ అంకె తగ్గుతుంది. ఎక్కువ డబ్బిచ్చి కొన్నదే తక్కువ మోస్తుంది. డీలర్ తర్వాత బిగించే సైడ్ స్టెప్పులు, బెడ్ కవర్ బరువు కూడా ఇందులోంచే పోతుంది.

మిడ్‌సైజ్‌లలో ఇది ఎక్కువగా 1,100 నుంచి 1,600 పౌండ్ల మధ్య, ఫుల్‌సైజ్‌లలో 1,400 నుంచి 2,000 పైదాకా కనిపిస్తుంది. అంటే బాగా అలంకరించిన ఫుల్‌సైజ్ కన్నా సాదా మిడ్‌సైజ్ ఎక్కువ మోసే సందర్భాలూ ఉన్నాయి.

మన పెరటి లెక్క వేద్దాం. గోంగూరకు, బెండకు ఒక మడి కడుతున్నారు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు లోతు. 32 ఘనపుటడుగుల మట్టి. కాస్త తడి ఉన్న తోట మట్టి ఘనపుటడుగుకు 75 పౌండ్లు అనుకున్నా 2,400 పౌండ్లు. ఒక్క మడికి! ఏ మిడ్‌సైజూ ఒక ట్రిప్పులో తేలేదు, చాలా ఫుల్‌సైజ్‌లూ తేలేవు. బెడ్‌లో ఇంకా చోటు కనిపిస్తూనే ఉంటుంది, లోడర్ నడిపేవాడు ఇంకో బకెట్ పొయ్యమంటారా అని అడుగుతూనే ఉంటాడు, వెనక స్ప్రింగులు మాత్రం కిందికి కూర్చుంటాయి. రెండు మూడు మడులుంటే మట్టిని ఇంటికే డెలివరీ చేయించుకోవడం మేలు. ట్రక్కును కంపోస్ట్ బస్తాలకు, సొరపాదు పందిరి గొట్టాలకు వాడుకోండి.

ట్రైలర్ లాగేవాళ్లకు కూడా ముందు అడ్డొచ్చేది పేలోడే, టోయింగ్ అంకె కాదు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే చోట పడుతుంది. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. సామాను సర్దాక 5,000 పౌండ్లుండే క్యాంపర్ అనుకుందాం. హిచ్ మీద 600. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు 460. కూలర్, కుర్చీలు, గ్యాస్ స్టవ్, ఊరగాయ సీసాలు 150. బరువు సర్దే హిచ్ సామగ్రి 90. మొత్తం 1,300. రేంజర్ 7,500 పౌండ్లు, కొలరాడో 7,700 దాకా లాగుతాయని ప్రకటన చెప్తుంది, అది అబద్ధం కాదు. కానీ స్టిక్కర్ మీద 1,300 ఉంటే మీ కుటుంబంతో 5,000 దగ్గరే ఆ బండి పని అయిపోయింది. 1,700 స్టిక్కర్ ఉన్న ఫుల్‌సైజ్‌కు ఇంకా 400 మిగులు ఉంటుంది. పైగా పొడవైన వీల్‌బేస్, సొంత బరువు ఎక్కువ కావడం వల్ల హైవే మీద ఈదురుగాలికి ట్రైలర్ ఊగినా తోక కుక్కను ఆడించినట్టు కాదు.

అందుకే నేను పెట్టుకున్న గీత ఇది: సామానుతో కలిపి 3,500 పౌండ్లలోపు ట్రైలర్, అంటే చిన్న పడవ, జెట్ స్కీలు, యుటిలిటీ ట్రైలర్ అయితే మిడ్‌సైజ్ హాయిగా చాలు. 5,000 దాటితే ఫుల్‌సైజ్. మధ్యలో ఉంటే ఎన్నిసార్లు లాగుతారన్నదే ప్రశ్న. ఏడాదికి రెండుసార్లు, దగ్గరి చెరువు దాకా అంటే మిడ్‌సైజ్. నెలకోసారి కొండ రోడ్ల మీద అంటే ఫుల్‌సైజ్. ఏదైనా సరే, ఫ్యాక్టరీ టోయింగ్ ప్యాకేజీ, ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఉన్నాయో లేదో కిటికీ అద్దానికి అంటించే ధరల స్టిక్కర్‌లో చూడండి.

బెడ్ గురించి కొంచెమే

ప్లైవుడ్, డ్రైవాల్ షీట్లు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. ఫుల్‌సైజ్ బెడ్‌లలో చక్రాల బొడిపెల మధ్య 50 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి షీటు నేల మీద పరుచుకుంటుంది. మిడ్‌సైజ్‌లలో చాలావాటికి 45 చుట్టుపక్కలే, బొడిపెల మీద ఏటవాలుగా పెట్టాలి. 2024 నుంచి వస్తున్న కొత్త రేంజర్‌లో 48 కొద్దిగా దాటుతుంది, రిడ్జ్‌లైన్‌లో 50 ఉంటుంది. రిడ్జ్‌లైన్ బెడ్ కింద తాళం వేసుకునే డిక్కీ కూడా ఉంది, నీళ్లు వదలడానికి అడుగున బిరడాతో సహా. పార్టీకి ఐస్ నింపి డ్రింకులు పెట్టేవాళ్లున్నారు.

కిరాణా సామాను, సూట్‌కేసులు బెడ్‌లో వేసే ఆలోచన ఉంటే కవర్ కోసం డబ్బు పక్కన పెట్టుకోండి. కవర్ లేని ట్రక్‌తో ఎయిర్‌పోర్ట్‌కు అమ్మానాన్నల కోసం వెళ్తే, వాన పడినరోజు 23 కిలోల పెట్టెలు నాలుగూ వెనక సీట్లో మనుషుల ఒళ్లోనే.

డబ్బు లెక్క

చిన్న ట్రక్ కాబట్టి పెట్రోలు ఆదా అని చాలామంది అనుకుంటారు. ఫోర్ వీల్ డ్రైవ్ మిడ్‌సైజ్‌లు ఈపీఏ (ప్రభుత్వ పర్యావరణ సంస్థ) లెక్కల్లో ఊళ్లో, హైవే మీద కలిపి గ్యాలన్‌కు 20 నుంచి 22 మైళ్ల దగ్గర ఉంటాయి. చిన్న టర్బో ఇంజన్ ఉన్న ఫుల్‌సైజ్‌లు 19 నుంచి 21. ఎక్కువ తేడానే తీసుకుందాం, 22కూ 19కీ. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే తేడా సుమారు 86 గ్యాలన్లు. గ్యాలన్ 3 డాలర్లయితే ఏడాదికి 260 డాలర్లు. ఆ డబ్బు కోసం సైజు మార్చుకోవక్కర్లేదు.

అసలు తేడా కొనే ధరలో ఉంటుంది. నాలుగు తలుపులు, ఫోర్ వీల్ డ్రైవ్, మధ్యస్థ ట్రిమ్‌లో మిడ్‌సైజ్ 40 వేల డాలర్ల చుట్టూ తిరిగితే ఫుల్‌సైజ్ 50 వేలు దాటేస్తుంది. అయితే ఫుల్‌సైజ్‌ల మీద, ముఖ్యంగా మోడల్ ఏడాది చివర్లో, డిస్కౌంట్లు గట్టిగా వస్తాయి. టకోమా మీద బేరం పెద్దగా సాగదు, కానీ అమ్మేటప్పుడు మంచి రేటు పలుకుతుంది. మంచు పడని ఊళ్లో ఉండి, పడవ ర్యాంపులు, అడవి దారులు మీకు లేకపోతే టూ వీల్ డ్రైవ్‌తో కొన్ని వేలు మిగుల్చుకోవచ్చు. ఉత్తరాది రాష్ట్రాల్లో వాడిన ట్రక్ కొంటే ఫ్రేమ్ కింద టార్చ్ వేసి తుప్పు చూడండి, బండి గుర్తింపు నంబర్ (వీఐఎన్)తో ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్‌లో రీకాల్స్, అంటే లోపాన్ని సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచిన సందర్భాలు వెతకండి. టండ్రా, జీఎం (షెవర్లే, జీఎంసీ) ఫుల్‌సైజ్ ఇంజన్ల మీద 2024, 2025లో పెద్ద రీకాల్స్ వచ్చాయి. వాటి పని పూర్తయిందని కాగితం అడగండి.

సొంత వ్యాపారం ఉన్నవాళ్లకు ఒక మెలిక. స్థూల బరువు రేటింగ్ (మనుషులు, సామానుతో కలిపి బండి ఉండదగిన గరిష్ఠ బరువు) 6,000 పౌండ్లు దాటిన బండిని సగానికి పైగా వ్యాపారానికే వాడితే పన్ను చట్టం సెక్షన్ 179 కింద పన్ను మినహాయింపు వస్తుంది. అందులోనూ లోపలి పొడవు కనీసం 6 అడుగులున్న బెడ్‌ ఉంటే, ఎస్‌యూవీల మినహాయింపు మీద ఉన్న పరిమితి వర్తించదు. ఐదున్నర అడుగుల బెడ్ కొనే ముందే మీ పన్నులు చూసే సీపీఏకు ఫోన్ చేయండి, కొన్నాక చేసి లాభం లేదు.

కరెంటు పోయే ఊళ్లలో ఉంటే ఫుల్‌సైజ్ వైపు ఇంకో ఆకర్షణ. ఎఫ్-150 హైబ్రిడ్‌లో బెడ్‌లోనే ప్లగ్గులుంటాయి, 7.2 కిలోవాట్ల దాకా ఇచ్చే ఆప్షన్ ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుఫానులో గ్రిడ్ కూలినప్పుడు తమ లాట్లలో ఉన్న ఆ ట్రక్కులను జనానికి ఇవ్వమని ఫోర్డే డీలర్లను కోరింది. ఫ్రిజ్, హీటర్, వైఫై నడిచాయంటే ఆ వారం గుర్తున్నవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

చివరి పని: టెస్ట్ డ్రైవ్

రెండు సైజులనూ ఒకే రోజు నడపండి. ఇంట్లో ఇద్దరు నడిపేవాళ్లుంటే ఇద్దరూ నడపాలి. ఒకరికి పార్కింగ్ టెన్షన్ పట్టుకుంటే ఆ బండి రెండో వాళ్ల సొంత బండి అయిపోతుంది, మిగిలిన కారు ఎప్పుడూ మరొకరిదే. కాస్ట్‌కో పార్కింగ్‌లో శనివారం మధ్యాహ్నం ఒక గడిలోకి రివర్స్ చేయండి. డీలర్ ఒప్పుకుంటే ఇంటికి తెచ్చి గ్యారేజ్‌లో పెట్టి తలుపు మూసి చూడండి. ఖాళీ ట్రక్ గతుకుల మీద ఎగురుతుంది కాబట్టి కాంక్రీట్ అతుకులున్న హైవే మీద, వెనక సీట్లో ఒకరిని కూర్చోబెట్టి వెళ్లండి. వాళ్లు చెప్పేది మీకు ముందు సీట్లో తెలియదు.

ఇన్ని చేశాక కూడా తేలకపోతే నా సలహా: పిల్లలు, పెద్దలు కలిసి తిరిగే ఇంట్లో ఇదే ప్రధాన బండి అయితే, గ్యారేజ్ ఒప్పుకుంటే ఫుల్‌సైజ్, క్రూ క్యాబ్, పొట్టి బెడ్, చిన్న టర్బో ఇంజన్, మధ్యస్థ ట్రిమ్. ఇంట్లో వ్యాన్‌నో ఎస్‌యూవీనో ఉండి, ట్రక్ ఒక్కరే ఆఫీసుకు వేసుకెళ్లేదైతే మిడ్‌సైజ్. బయానా కట్టే ముందు మీకు ఇవ్వబోయే అదే బండి తలుపు తెరిచి, పేలోడ్ స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లాట్‌లో పక్కనున్న జంట బండిది వేరే అంకె కావచ్చు.